ఏడు కిలోల్లో పట్టని నాన్న

చెక్‌ఇన్ మూసేయడానికి ముప్పై ఐదు నిమిషాలే ఉన్నాయి. మా తమ్ముడు రుయ్‌మావ్ పెద్ద పెట్టె తూకం మీద ముప్పై నాలుగు కిలోలు చూపిస్తోంది.

“రెండూ కలిపి నలభై ఆరేగా! ఆ రెండోది పన్నెండే ఉంది, చూడమ్మా!” అని కౌంటర్ దగ్గరమ్మాయి మీద అరుస్తున్నాడు.

“అలా కలపం సార్. ఒక్కో పెట్టె ఇరవై మూడు. ముప్పై రెండు దాటితే డబ్బు కట్టినా ఎక్కించం. ఎత్తేవాళ్ళ నడుములు ఏం కావాలి?”

వెళ్ళేది కెనడాకి, ఇక తిరిగి రాడు. భార్యా పిల్లలు వేసవిలోనే వెళ్ళిపోయారు. మా ఊరు తైచుంగ్‌లో నాన్న ఇంటిని వీడు అమ్మేశాడు, రేపు తాళాలు వేరేవాళ్ళ చేతికి పోతాయి. మిగిలింది నాన్న. ఆయన పోయి మూడేళ్ళు. ఆయన పేరు చెక్కిన కొయ్యపలక, దాని ముందుండే కంచు ధూపపాత్ర నిండా అగరుబత్తుల బూడిదతో సహా వీడి భుజం సంచీలో ఉన్నాయి. పోయాక నాన్న ఉండేది వాటిలోనే. వీడు షిన్‌చూలో ఉద్యోగం చేసుకుంటుంటే, మూడేళ్ళూ రోజూ పొద్దున్నే వెళ్ళి అగరుబత్తి వెలిగించింది నేను. అయినా పెళ్ళై వేరే ఇంటికి పోయినదాన్ని, అడ్డం చెప్పే హక్కు నాకెక్కడిది? నాన్నని నా కళ్ళముందే తీసుకుపోతున్నాడు.

పొద్దున్న నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, ముందు నాన్నని అడగరా అని. అడగడమంటే రెండు నెలవంక చెక్కలు నేలమీద వెయ్యడం. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే కాదన్నట్టు. రెండూ వెల్లకిలా పడితే మనల్ని చూసి నవ్వినట్టు. “టైమ్ లేదక్కా. ఒక్కగానొక్క కొడుకుని, నాతో రాక ఎక్కడికి పోతాడు?” అని పలకని తువాలులో చుట్టేశాడు.

అందరూ చూస్తుండగా నేలమీద పెట్టెలు తెరిచాం. ముల్లంగి ఊరగాయ డబ్బాలూ పిల్లల చలికోట్లూ అన్నం కుక్కరూ ఇందులోంచి తీసి అందులో కుక్కాం. రెండూ ఇరవై మూడుకి వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడా అమ్మాయి భుజం సంచీ చూపించి, “అది కూడా పెట్టండి,” అంది.

పన్నెండు కిలోలు.

“చేతి సంచీకి ఏడే సార్. దీన్ని కూడా కింద సామానుతో వేసేయండి. విడిగా కట్టొచ్చు.”

వాడి మొహం పాలిపోయింది. “కిందా? నాన్ననా? మూటల మధ్య పడేయనా?”

“పలక నీతో పైకి తీసుకుపో. బూడిద చిటికెడు ఎర్రకాగితంలో కట్టుకో, చాలు. అందరూ చేసేది అదే. ఇంత పాత్ర ఎవడు మోస్తాడురా, బుద్ధిలేనివాడా!”

“చిటికెడు నాన్న నాతో వస్తే, మిగతా నాన్న ఏమైపోతాడక్కా?” అని బావురుమన్నాడు. నలభై ఏడేళ్ళ మగాడు.

మోకాళ్ళమీద కూర్చుని సంచీలోంచి ఆ నెలవంక చెక్కలు తీశాడు. కింద సామానులో వస్తావా నాన్నా? రెండూ బోర్లా. పాత్ర వదిలేసి, చిటికెడు బూడిదతో పైన వస్తావా? మళ్ళీ బోర్లా. అసలు కెనడాకి వస్తావా? రెండూ వెల్లకిలా పడ్డాయి.

“నవ్వుతున్నాడక్కా!”

“నవ్వడూ మరి! ఇల్లు అమ్మేశాక అడుగుతావా?”

“సార్, పదకొండు నిమిషాలు,” అంది ఆ అమ్మాయి.

“నువ్వడుగక్కా,” అంటూ చెక్కలు నా చేతిలో కుక్కాడు. నా పెళ్ళిరోజున కారు వెనక గిన్నెడు నీళ్ళు పారబోసింది నాన్నే. పారబోసిన నీళ్ళు వెనక్కి రావు, కూతురూ అంతే. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ ఇంటికి చుట్టంలాగే వెళ్ళాను. ఇప్పుడడిగి కాదనిపించుకుంటే నేనెలా బతకను? అడగకపోతే ఆశైనా మిగులుతుంది. అయినా అడిగేశాను.

“నాన్నా, నా దగ్గర ఉంటావా?”

ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా.

వరసగా మూడుసార్లు అలాగే పడితేగానీ మాట ఖాయం కాదు. రెండోసారీ పడింది. మూడోసారి ఒక చెక్క బోర్లా పడింది, రెండోది దొర్లి పెట్టె కిందికి పోయింది. ఇద్దరం నేలమీద పాకుతూ పెట్టె జరిపి చూశాం. వెల్లకిలా ఉంది.

నేనక్కడే కూలబడి ఏడ్చాను. తమ్ముడు సంచీకి నుదురు ఆనించి, దాన్ని నా భుజాన తగిలించి పరిగెత్తాడు. వెనక్కి తిరిగి చూసే టైమ్ కూడా లేదు వాడికి.

మా అత్తగారి పూజబల్ల మీద వేరే ఇంటిపేరుకి చోటు దొరకదు. నా కుట్టు దుకాణంలో బీరువా మీద పెడతాను. అనేవాళ్ళు అననీ.

బస్సు దగ్గర డ్రైవరు నా భుజం మీది సంచీ అందుకోబోయాడు. “బరువుగా ఉందేమ్మా! కింద సామాన్లలో వేసేస్తా.”

“ముట్టుకున్నావంటే చూడు! రెండు టికెట్లు కొన్నాను.”

కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాను. పోయినవాళ్ళని తీసుకెళ్ళేటప్పుడు దారి చెబుతూ ఉండాలి, లేకపోతే తప్పిపోతారు. మొదటి వంతెన రాగానే సంచీమీద చెయ్యి వేశాను.

“నాన్నా, వంతెన దాటుతున్నాం. నన్ను పట్టుకో.”