హెప్సీబా సొంత మేజర్

మిషిగన్‌లోని ఆ చిన్న క్రైస్తవ కాలేజీలో ఒక నియమం ఉండేది. ఉన్న మేజర్లేవీ, అంటే డిగ్రీకి ఎంచుకునే ప్రధాన విషయాలేవీ, నచ్చని విద్యార్థి, తనకు కావలసినదాన్ని తానే కూర్చుకోవచ్చు. నియమం ఉంది కదా అని ఎవరూ దాని జోలికి పోయేవాళ్ళు కాదు. 1983లో హెప్సీబా దాని జోలికి పోయింది. నర్సింగు, సంగీతం, బైబిలు కలిపి, చావుకు దగ్గరైనవాళ్ళకు తోడుగా ఉండడం ఎలాగో చదువుతానంది.

ఇంట్లో పెద్ద గొడవ. "పేరులేని డిగ్రీకి జాబ్ ఎవడిస్తాడే? శుభ్రంగా నర్సింగ్ కంప్లీట్ చెయ్యి," అన్నాడు తండ్రి ఆనందబాబు. కాలేజీ కమిటీ కాదంటే మళ్ళీ నోరెత్తకుండా నర్సింగుకే వెళ్ళాలని షరతు పెట్టాడు. తల్లి జ్ఞానమ్మ మాత్రం కూతురి జడ బిగిస్తూ, "పెద్దవాళ్ళ ముందు అణకువగా ఉండు తల్లీ. చర్చిలో సాక్ష్యం చెప్పినట్టు చెప్పు, చాలు," అంది.

ఆ సలహాయే కొంప ముంచింది.

కమిటీలో ముగ్గురు. నర్సింగు చెప్పే మిసెస్ హోల్డెన్, సంగీతం మాస్టారు, బైబిలు చెప్పే డాక్టర్ వాండర్‌వీన్. అధ్యక్షుడు ఆయనే. "ఈ పనికి నీకున్న అర్హత ఏమిటి?" అని అడిగాడు.

హెప్సీబా చేతులు కట్టుకుని లేచి నిలబడింది. తమ తెలుగు క్రైస్తవ సంఘంలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎలా మొదలుపెడతారో అలాగే, "నాలో ఏ అర్హతా లేదండి. నేనెందుకూ పనికిరానిదాన్ని. ఏదైనా ఉంటే దేవుని కృప, పెద్దల ప్రార్థన," అంది ఇంగ్లీషులో. మన సంఘంలో అయితే ఈ మాటకు అందరూ ఆమెన్ అని, అసలు సంగతి కోసం సర్దుకుని కూర్చుంటారు. ఇక్కడ ముగ్గురూ మొహామొహాలు చూసుకున్నారు. వాండర్‌వీన్ కలానికి మూత పెట్టేశాడు.

"నిజాయితీగా చెప్పావమ్మాయ్. అర్హత లేదని నువ్వే అంటుంటే మేమెలా ఒప్పుకుంటాం? నర్సింగు పూర్తి చెయ్యి."

పాపం, మంచివాడే. అది మర్యాదకు అన్న మాటని ఆయనకెవరు చెబుతారు?

హెప్సీబా తలుపు దాకా వెళ్ళింది. ఒళ్ళు మండిపోయింది, ముందు తన మీద తనకే. అక్కడే ఆగి వెనక్కి తిరిగింది.

"అది మా దగ్గర మొదలుపెట్టే పద్ధతి సార్. నేనింకా మొదలుపెట్టలేదు."

ఎవరూ కూర్చోమనకుండానే వచ్చి కూర్చుంది. బల్ల మీద వేళ్ళతో వాయించింది. తకిట తకధిమి, తకిట తకధిమి. మధ్యలో ఆపి, విసుగ్గా గట్టిగా చరిచి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.

"మాట పడిపోయిన ముసలాయన మంచం కమ్మీ మీద ఇలా కొడుతున్నాడు. మీరేం చేస్తారు మేడమ్?"

"అలజడి పడుతున్నాడనుకుంటాం. డాక్టరునడిగి మత్తుమందిస్తాం," అంది మిసెస్ హోల్డెన్.

"ఇచ్చారు."

ఆ ముసలాయన దైవాశీర్వాదం అంకుల్. గుంటూరులోనూ, డెట్రాయిట్ తెలుగు సంఘంలోనూ జీవితమంతా డోలక్ వాయించినవాడు. చివరి రోజుల్లో ఆస్పత్రిలో హెప్సీబా కీర్తన పాడుతుంటే ఆయన తాళం వేశాడు. పిల్ల తాళం తప్పినప్పుడల్లా కోప్పడి కమ్మీ చరిచాడు. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్నారు గనక చూడలేదు. నర్సు చూసింది, సూది వేసింది. పెద్దవాళ్ళ మధ్య మాట్లాడకూడదని హెప్సీబా ఊరుకుంది. ఆయన మళ్ళీ కళ్ళు తెరవలేదు.

"ఆ గదిలో మందు ఉంది, ప్రార్థన ఉంది, పాట ఉంది. ఒకదాని సంగతి ఒకదానికి తెలియలేదు," అంది హెప్సీబా. "ఆ మూడూ తెలిసిన మనిషి ఒక్కరుండాలి సార్. అది నేనవుతాను. నాకు అర్హత ఉంది."

సంగీతం మాస్టారు మోకాలి మీద వేళ్ళు ఆడిస్తూ, "ఏడు మాత్రల తాళమా?" అని మెల్లగా అడిగాడు. హెప్సీబా తలూపింది. దరఖాస్తు కాగితాన్ని ముందుగా తనవైపు లాక్కుని సంతకం పెట్టింది మిసెస్ హోల్డెన్.

సాయంత్రం జ్ఞానమ్మ గుమ్మంలోనే అడిగింది. "అణకువగా మాట్లాడావా?"

"మాట్లాడానమ్మా. కుదరదన్నారు. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాను, సైన్ చేశారు."

భోజనాల దగ్గర హెప్సీబా వేళ్ళు వాటంతటవే బల్ల మీద ఆడాయి. "ఏంటే ఆ చప్పుడు?" అన్నాడు ఆనందబాబు.

"అంకుల్ తాళం, డాడీ."

ఆనందబాబు పప్పు గిన్నె పక్కకు జరిపి, ఆ వేళ్ళకు బల్ల మీద చోటిచ్చాడు.