నా సూప్ ఖరీదు

ఆదివారం పొద్దున్నే లేచి నేను మొదట చేసే పని బకెట్లు కడగడం. శనివారం మధ్యాహ్నం మా ఇంటి వెనక గదిలో పరుపులు వేసుకుని పడుకున్నవాళ్ళలో ఒకరిద్దరికైనా కడుపులో తిప్పుతుంది. వాళ్ళు తినే మత్తు పుట్టగొడుగుల గుణమే అంత. ఒక్కొక్కరి పక్కనా ఒక బకెట్ పెట్టడం, అవసరమైతే తీసి ఇంకోటి పెట్టడం, నుదుటి మీద తడిగుడ్డ వేయడం, మర్నాడు అన్నీ బ్లీచింగ్ పౌడర్ వేసి తోమి పెరట్లో ఎండకి బోర్లించడం నా వంతు. మిగతా రోజుల్లో ఊరి చివర వృద్ధాశ్రమంలో ఆయాగా నేను చేసేదీ ఇదే. అక్కడ ఈ పనికి జీతం ఉంది, చదివి పాసై తెచ్చుకున్న సర్టిఫికెట్టు ఉంది. ఇక్కడ డ్వేన్ వచ్చినవాళ్ళ ముందు నా భుజం తట్టి, "మా నోరీన్ చేతిలో ఏదో ఓదార్పు ఉందండీ" అంటాడు. వాళ్ళు తల ఊపుతారు. నేను బకెట్ పట్టుకుని బయటికి నడుస్తాను.

డ్వేన్ నా మొగుడు. మా ఊరు పయోనియా చుట్టుపక్కల మగవాళ్ళందరిలాగే బొగ్గు గనిలో దిగి బతికాడు. గని మూతపడ్డాక సోఫాకి అతుక్కుపోయాడు. ఆ ఏడాది నేను ఆశ్రమంలో రెండు షిఫ్టులు చేసి ఇల్లు నడిపాను. అప్పుడే మా కొలరాడో జనం ఓటేసి కొత్త చట్టం తెచ్చుకున్నారు. ఇరవై ఒకటి దాటినవాళ్ళు ఈ మత్తు పుట్టగొడుగులు ఇంట్లో పెంచుకోవచ్చు, తినొచ్చు, తోటివాళ్ళకి ఊరికే ఇవ్వచ్చు. డ్వేన్ ఒకసారి ఎవరింట్లోనో తిని వచ్చి, ఏడ్చి, సోఫా మీంచి లేచాడు. అబద్ధం చెప్పను, ఆ రోజు నేనూ సంతోషంతో ఏడ్చాను. ఆ తర్వాతే తనకి పిలుపు వచ్చిందన్నాడు. పిలుపు అతనికి వచ్చింది, పని నాకు వచ్చింది. గోధుమల్లాంటి రై గింజలు నానబెట్టి, గాజు సీసాల్లో పోసి, ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించి, చేతులు మోచేతుల దాకా స్పిరిట్‌తో కడుక్కుని వాటిలో పుట్టగొడుగు విత్తు వేసేది నేనే. చిన్నప్పటి నుంచి పీచ్‌లూ చెర్రీలూ సీసాల్లో నిలవచేసిన చేయి కనక పచ్చ బూజు పట్టకుండా కాపాడటం నాకు తెలుసు. అతను రెండుసార్లు వేస్తే రెండుసార్లూ బూజే. ఆప్రికాట్లు ఎండబెట్టుకునే నా డ్రయ్యర్‌లోనే ఇప్పుడు అవి ఎండుతున్నాయి. "పుట్టగొడుగు నన్ను ఎంచుకుంది" అని అతను చెబుతుంటే విని, కుక్కర్ మూత తుడిచి అలమారలో పెట్టడం నాకు అలవాటైపోయింది.

చట్టం మాత్రం డ్వేన్‌కి కంఠతా వచ్చు. వచ్చినవాళ్ళకి ముందుగా అదే వినిపిస్తాడు. "జేబులో పెట్టుకుని పక్క రాష్ట్రం యూటా వైపు పోకండి, సరిహద్దు దాటితే మళ్ళీ నేరమే. పైన కొండ మీదకీ తీసుకెళ్ళకండి. ఆ అడవి వాషింగ్టన్‌లోని కేంద్ర సర్కారుది, వాళ్ళ లెక్కలో ఇది ఇప్పటికీ నిషేధమే. ఇకపోతే అమ్మకూడదు. నేను అమ్మట్లేదు, ఇస్తున్నాను." డబ్బు తీసుకుని ఈ పని చేయించాలంటే శిక్షణ కావాలి, రాష్ట్రం లైసెన్సు కావాలి. ఆ మాట నేనెత్తితే, "నా సంగతి పుట్టగొడుక్కి తెలుసు, సర్కారు కాగితం నాకెందుకే" అన్నాడు. అలా అన్నాక వంటింట్లోకి వచ్చి ఊరగాయ దోసకాయల పెద్ద సీసా ఖాళీ చేసి కడగమన్నాడు. దాని మీద చీటీ అంటించమన్నాడు. "నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, నువ్వే రాయి. నోరీన్ సూప్ అని రాయి." రాశాను. వచ్చినవాళ్ళు పుట్టగొడుగులు తింటారు, మత్తు దిగాక బార్లీ వేసి కాచిన నా కోడి సూప్ తాగుతారు, పోతూ పోతూ ఆ సీసాలో నోట్లు వేస్తారు. కాబట్టి అది సూప్ డబ్బట. పుట్టగొడుగు దానమట.

నాకు నవ్వొచ్చింది. గని మూతపడిన ఏడాది, శనివారం సంతలో ఒక బల్ల వేసుకుని సూప్ అమ్ముకుంటానని నేనంటే, డ్వేన్ వాళ్ళమ్మ ముందే పడి పడి నవ్వాడు. "నీ సూప్‌కి డబ్బులెవడిస్తాడే?" అన్నాడు. మా అత్త లవర్న్ కూడా వంత పాడింది. "మావాడు కడుపులో పెట్టుకుని నీ సూప్ తాగుతున్నాడు అమ్మాయ్, ఊళ్ళోవాళ్ళకి ఆ ఖర్మేం పట్టింది?" అంది. పెళ్ళయిన కొత్తలో ఉప్పు తక్కువైందని అతను గిన్నెడు సూప్ కుక్క పళ్ళెంలో పోసిన రోజున కూడా ఆవిడ అక్కడే ఉంది. కుక్క తాగింది, నేను గిన్నె కడిగాను. అలాంటి సూప్‌కి ఇప్పుడు ఏకంగా నా పేరుతో చీటీ వచ్చింది, వచ్చినవాళ్ళందరూ చూసేలా గుమ్మం పక్కన స్టూలు వేసి మరీ పెట్టారు. ఇంకో సంగతి కూడా నేను గమనించాను. సూప్ అందరికీ ఒకే గరిటె. పుట్టగొడుగులు ఎక్కువ తిన్నవాడు మాత్రం సీసాలో ఎక్కువ వేస్తున్నాడు. ఎంత తింటే ఎంత వేయాలో డ్వేన్ ముందే ఫోన్‌లో చెప్పి రమ్మంటున్నాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ గరిటె తిప్పుతూ ఉండిపోయాను.

పీచ్‌ల కాలం మొదట్లో ఒఫేలియా వచ్చింది. పళ్ళు పెట్టెలకెత్తే షెడ్డులో పనిచేసే మనిషి. రొమ్ములో పుట్టిన కేన్సర్ ఎముకల దాకా పాకిందట. చావంటే భయంతో నిద్ర పోలేకపోతున్నానని, ఇది తింటే భయం తగ్గుతుందని ఎవరో చెప్పారని గుమ్మంలో నిలబడి డ్వేన్‌తో చెప్పింది. సీసా వంక చూసి, పర్సు తీసి, లోపలికి ఒకసారి చూసుకుని మూసేసింది. డ్వేన్ ఆ పర్సునే చూస్తున్నాడు. "ఈసారికి చోటు లేదమ్మా, వచ్చే నెల చూద్దాం" అన్నాడు చాలా మెత్తగా. వెనక గదిలో రెండు పరుపులు ఖాళీగా ఉన్నాయి. వాటి మీద దుప్పట్లు పరిచింది నేనే. ఒఫేలియా "సరే బాబూ" అని వెళ్ళిపోయింది. వచ్చే నెల అనే మాట ఆమెకి ఎలా వినబడి ఉంటుందో అని సూప్ కాచినంతసేపూ నాకు ఒళ్ళు మండిపోతూనే ఉంది.

మంగళవారం నాకు సెలవు. డ్రయ్యర్‌లోవి కొంచెం కాగితం సంచిలో వేసుకుని, ఒక సీసాలో సూప్ పోసుకుని, ఒఫేలియా ఉండే ట్రెయిలర్ ఇంటికి నడిచి వెళ్ళాను. ఆమెని చూసే డాక్టరుకి ఫోన్ చేయించి, వద్దనలేదని తెలుసుకున్నాకే టీలో వేసి ఇచ్చాను. సాయంత్రం దాకా చేయి పట్టుకుని కూర్చున్నాను. ఆమె చనిపోయిన వాళ్ళమ్మతో స్పానిష్‌లో మాట్లాడింది. నవ్వింది, ఏడ్చింది. బకెట్ అవసరం రాలేదు. ఎండ వాలాక లేచి కూర్చుని, "భయం పోలేదు నోరీనమ్మా. కానీ కాస్త పక్కకి జరిగి నాకు కూర్చోడానికి చోటిచ్చింది" అంది. తర్వాత, "నీకేమివ్వాలి?" అని అడిగింది. "ఏమీ ఇవ్వకూడదు. చట్టం ఒప్పుకోదు" అన్నాను. మా ఇంటి మనుషుల్లో ఆ చట్టాన్ని ఎవరైనా నిజంగా పాటించింది ఆ రోజే మొదలు, అదీ నేనే. ఇంటికొచ్చాక, డ్రయ్యర్‌లోవి తగ్గాయని డ్వేన్ పసిగట్టి కేకలేశాడు. "సరుకు ఊరికే పంచిపెట్టడానికి మనదేమైనా చర్చి అనుకున్నావా?" దానం అనే మాట అతని నోట్లో అలా సరుకైపోయింది.

ఆ తర్వాతి శనివారం గ్రాండ్ జంక్షన్ పట్నం నుంచి వచ్చిన ఒక కంట్రాక్టరు సీసాలో బాగానే వేసి, దానికి తగ్గట్టు బాగానే తిన్నాడు. కాసేపటికి బెదిరిపోయి, మేం పట్టుకునేలోగా బయటికి పరిగెత్తి, తోటలోని పంటకాలవలో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కాలవలోకి దిగి అతన్ని పైకి లాగింది నేను. ఆసుపత్రిలో కట్టు కడుతుంటే, "అంత డబ్బు పోసి కొనుక్కుంటే నా గతి ఇదా" అని అందరూ వినేలా మొత్తుకున్నాడట. షెరీఫ్ ఆఫీసు నుంచి మనిషి వస్తాడని ఫోన్ వచ్చింది.

ఆ మనిషి వచ్చే రోజు పొద్దున కాఫీ దగ్గర డ్వేన్ నాకు పాఠం చెప్పాడు. ఎంతో ప్రేమగా చెప్పాడు, కుర్చీ కూడా తనే లాగి వేశాడు. "చాలా తేలికే నోరీ. ఆ డబ్బు నా సూప్‌ది అని చెప్పు. వండి పెట్టాను, తాగారు, ఇచ్చారు. సూప్ అమ్మితే ఎవరైనా జైల్లో పెడతారా?"

"చీటీ మీద నా పేరుంది. వాళ్ళు నమ్మకపోతే అమ్మింది నేనే అవుతాను కదా" అన్నాను.

"ఎందుకు నమ్మరు? నీ మొహం చూస్తే ఎవరైనా నమ్ముతారు."

"ఆశ్రమం నడిచేది వాషింగ్టన్ డబ్బుతో. వాళ్ళకి మన రాష్ట్రం చట్టం పట్టదు. నా సర్టిఫికెట్టు పోతుంది డ్వేన్."

అతను కప్పు కింద పెట్టాడు. "పోతే పోనీవే. నీ ఉద్యోగం ఏంటి, బకెట్లు కడగడమేగా? ఇంట్లో లేవా బకెట్లు?"

ఆ మాట అన్నాక టోస్టుకి వెన్న రాసుకుని తిన్నాడు. తను ఏమన్నాడో తనకి తెలియనే లేదు. గిన్నెలు కడుగుతూ ఆలోచించాను. ఈ ఇంట్లో నేను చేసిన ఏ పనికీ విలువ లేదు, ఒక్క నేరానికి తప్ప. నేను పెంచితే అతని పిలుపు, నేను కడిగితే నా ఓదార్పు, నేను వండితే కుక్క పళ్ళెం. ఇప్పుడు శిక్ష పడేలా ఉందనగానే అదంతా నా కష్టార్జితం అయి కూర్చుంది. నాకు కోపం వచ్చింది. దాని వెనకే భయం వచ్చింది. ఇన్నేళ్ళు కలిసి బతికిన మనిషి మళ్ళీ ఆ సోఫాలో కూలబడిపోతాడేమోనన్న జాలి కూడా వచ్చింది, దాచుకోను. కానీ ఆ జాలి కింద ఒఫేలియా మూసేసిన పర్సు కనబడుతూనే ఉంది.

వచ్చిన డెప్యూటీ పేరు హాల్వర్సన్. తల నెరిసిన మనిషి. గుమ్మంలో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తాళం వేసిన పుట్టగొడుగుల గది వైపు ఒకసారి చూశాడు. "దాని కోసం రాలేదమ్మా. మీ ఇంట్లో మీరు పెంచుకుంటే నాకేం పని లేదు. ఎవరికైనా ఊరికే ఇచ్చుకున్నా నాకేం పని లేదు. ఈ సీసా సంగతి తేల్చుకుని పోతాను" అని స్టూలు మీదున్న దాన్ని చూపించాడు. "ఈ డబ్బు దేనికి?"

"సూప్‌కండీ" అన్నాడు ఫ్రిజ్‌కి చేరబడి నిలబడ్డ డ్వేన్. "మా ఆవిడ సూప్ ఈ చుట్టుపక్కల ఫేమస్. జనం ఇష్టంకొద్దీ వేస్తారు."

"నేను అడిగింది మీ ఆవిడని" అన్నాడు హాల్వర్సన్. నా వైపు తిరిగి, "చెప్పండమ్మా. మీ సూప్‌కి ఎంత తీసుకుంటారు?" అన్నాడు.

డ్వేన్ నా వంక చూసి నవ్వాడు. వచ్చినవాళ్ళ ముందు నా భుజం తట్టేటప్పుడు నవ్వే నవ్వే అది. నేను చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను. ఎవరూ కుర్చీ లాగలేదు, నేనే లాక్కున్నాను.

"చీటీ మీద రాసింది నేనేనండి, రాయమంటే రాశాను" అన్నాను. "సూప్ అందరికీ ఒకే గరిటె పోస్తాను. సీసాలో మాత్రం అందరూ ఒకేలా వేయరు, తిన్నదాన్ని బట్టి వేస్తారు. గని మూతపడిన ఏడాది నేను సంతలో సూప్ అమ్ముకుంటానంటే, నీ సూప్‌కి డబ్బులెవడిస్తాడే అన్నాడు మా ఆయన. ఆయన అన్నది నిజమేనండి. నా సూప్‌కి ఇంతవరకూ ఎవరూ పైసా ఇవ్వలేదు."