ఇంట్లో తెలుగు వద్దు

దేవమ్మ కూతురిని నంద్యాల ఇంగ్లీషు బడిలో చేర్చిన రోజే టీచరు పాప ముందే ఆమెతో, "ఇంట్లో పాపతో తెలుగు మాట్లాడొద్దు, అప్పుడే ఇంగ్లీషు వస్తుంది" అని చెప్పింది. దేవమ్మకు ఇంగ్లీషు రాదు. అందుకని కూతురు లూదియాతో మాటలే మానేసి, అన్నం పెట్టేటప్పుడు కూడా సైగలే చేసింది. ఎండాకాలం వచ్చేసరికి పాప ఏ భాషలోనూ నోరు విప్పడం మానేసింది.

బిడ్డ మూగదైపోయిందనుకుని దేవమ్మ, ఆళ్లగడ్డలో టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి వచ్చిన భాషా పరిశోధకుడి దగ్గరికి తీసుకుపోయింది.

"కొత్త భాష నేర్చే పిల్లలు కొన్నాళ్లు వింటూ ఊరుకుంటారమ్మా, అది మామూలే. నువ్వెందుకు మాట మానేశావు? ఇంటి భాష మీదే కదా కొత్త భాష నిలబడేది" అన్నాడాయన.

తిరుగు బస్సులో పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఏందీ తల్లీ, ఆకలైతాండాదా?" అంది దేవమ్మ.

పాప బెదిరి చుట్టూ చూసి, అరచేత్తో తల్లి నోరు మూసింది.