ముసుగు మనిషి, నా నోట్లో నువ్వుగింజ

నాకు ఆరేళ్ళప్పుడే మా నాయనమ్మ, "దీని నోట్లో నువ్వుగింజ నానదు" అని తేల్చేసింది. ఆ పేరు నిలబెట్టుకుంటూనే వచ్చాను. పోయినేడు మా మనవరాలు జపాను బొమ్మల కథ ఒకటి ఫోన్లో రోజుకింత దాచుకుని చూస్తుంటే, దొంగ ఎవరో నేను అన్నం వడ్డిస్తూ అనేశాను. దాని స్నేహితురాలు ఎవరితోనో అంటుంటే నా చెవిన పడింది, నేనేం చెయ్యను? రెండు రోజులు నాతో మాట్లాడలేదు పిల్ల. తిట్టినా బాగుండేది.

మాది ఇస్త్రీ దుకాణం. ముందు గదిలో పని, వెనక గదుల్లో కాపురం. నేనూ మా అమ్మాయీ ఇస్త్రీ చేస్తాం. మనవరాలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి పోతుంది. ఆ రోజు పొద్దున అది వెళ్తూ వెళ్తూ తన పలక నా చేతిలో పెట్టింది. ట్యాబు అంటారు దాన్ని. నాకు పలకే.

"అమ్మమ్మా, మా కథలో ఆఖరి భాగం ఇవాళే వచ్చింది. మూడేళ్ళు ఎదురుచూశాం. మేం నలుగురం సాయంత్రం ఆరింటికి, ఎవరింట్లో వాళ్ళం కూర్చుని ఒకేసారి నొక్కుతాం. ఆ ముసుగు మనిషి ఎవరో తేలేది అందులోనే. నువ్వు మొదటి భాగం చూసుకుంటూ ఉండు, సాయంత్రం మాతో కూర్చుందువు."

దాని కళ్ళు చూస్తే కొత్త గౌను తొడిగిన మూడేళ్ళ పిల్ల కళ్ళలా ఉన్నాయి.

మధ్యాహ్నం ముందు పని కాస్త తెరిపిచ్చింది. పలక తెరిచాను. బొమ్మలు ఒకదాని కింద ఒకటి బారుగా ఉన్నాయి. యాభై ఏళ్ళుగా మూట విప్పి పైబట్టే ముందు తీసిన చెయ్యి ఇది. పైదే నొక్కాను. కొత్తది పైనా పాతది అడుగునా పెడతారని నాకెవరు చెప్పారు?

మాటలు వాళ్ళ భాషలో, కింద తెలుగు అక్షరాలు. రెండో తరగతి చదువు నాది. ఒక వరుస కూడబలుక్కునేలోగా మూడు వరుసలు పోతున్నాయి. సరే, బొమ్మే చూద్దామనుకున్నాను. ఎగిరే పడవ, నీలం జుట్టు పిల్ల, నల్ల ముసుగు మనిషి. కత్తులు చురచుర తిరుగుతున్నాయి. ఉన్నట్టుండి ముసుగు జారింది. లోపల ఎవరనుకున్నారు? ముసలమ్మ! ముగ్గుబుట్ట తల, ముడతల మొహం, ముందరి పన్ను ఒకటి లేదు. నీలం జుట్టు పిల్ల వెళ్ళి ఆవిణ్ణి వాటేసుకుంది. ఆ ముక్కూ ఈ ముక్కూ ఒకటే. అమ్మమ్మే!

ఇన్నాళ్ళకి మా ఈడు మనిషి చేతికి కత్తి ఇచ్చారే అని ఎగిరి గంతేశాను. గంతేశాక తెలిసింది, నేను చూసింది ఆఖరి భాగం. గడియారం చూస్తే పన్నెండు. ఆరింటిదాకా ఆరు గంటలు. నోరేమో నాది.

ఒక పిప్పరమెంటు బుగ్గన పెట్టుకున్నాను.

ఒంటిగంటకు మనవరాలు ఫోన్ చేసింది. "అమ్మమ్మా, చూశావా? ఎలా ఉంది?"

"బొమ్మలు బాగున్నాయే. ఇస్త్రీ పెట్టెలో నీళ్ళయిపోయాయి, పెట్టేస్తున్నా."

"నువ్వా? ఫోన్ నువ్వు పెట్టేస్తావా?"

పెట్టేశాను.

మూడింటికి బస్సు కండక్టరు యూనిఫాం కోసం వచ్చాడు. మనవరాలి కన్నా ముప్పై ఏళ్ళు పెద్దవాడు, అతనికీ ఇదే పిచ్చి. బస్సు ఆగిన చోటల్లా ఫోన్ తీస్తాడట.

"రాసిస్తా పెద్దమ్మా, ఆ ముసుగులో ఉన్నది గురువే. ఇంటికెళ్ళి చూసి, రేపొచ్చి చెప్తా."

"గురువా!" అన్నాను. ఇంకొక్క మాట గొంతుదాకా వచ్చింది. రెండో పిప్పరమెంటు వేసుకుని మింగేశాను. ఆ కంగారులో అతని ప్యాంటు ఒకే కాలికి రెండు మడతలు పడ్డాయి.

నాలుగు దాటాక మా అమ్మాయి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నా నుదురు పట్టుకు చూసింది. "అమ్మా, జ్వరమా? గంట నుంచి నోరు మెదపలేదు. నాకు భయమేస్తోంది."

"ఊఁ" అన్నాను. బుగ్గ నిండా పిప్పరమెంట్లే.

ఆరింటికి మంచం మీద నేనూ మనవరాలూ, మా ముందు పలక, దాని ఫోన్లోంచి ముగ్గురి గొంతులు. మూడు, రెండు, ఒకటి అన్నారు. నొక్కారు.

"ఆగండే! నాది గుండ్రంగా తిరుగుతోంది!" అని ఒకతె.

"నీ నెట్టు నత్తకి పుట్టింది. మళ్ళీ మొదటికి రండి."

నాలుగుసార్లు మొదటికొచ్చారు. నా ప్రాణం కూడా.

కత్తులు తిరిగాయి. నేను దుప్పటి అంచు నోట్లో కుక్కుకున్నాను. ముసుగు జారింది. నాలుగు గొంతులూ ఒకేసారి కేక పెట్టాయి. పక్కింటి కుక్క మొరిగింది. మనవరాలు నా మెడ పట్టుకుని ఊపేస్తూ, "అమ్మమ్మే! అమ్మమ్మా, అమ్మమ్మే!" అంటోంది. దుప్పటి లాగి పారేసి నేనూ అరిచాను. ఆరు గంటల అరుపు, దూలాలు అదిరాయి.

అందరూ ఫోన్ పెట్టేశాక అది పలక నాకు చూపించింది. ఆఖరి భాగం బొమ్మ కింద ఎర్ర గీత, ఈ చివర నుంచి ఆ చివరకు.

"ఎంతదాకా చూస్తే అంత గీత పడుతుంది అమ్మమ్మా. నా ఫోన్లోనూ కనబడుతుంది. మధ్యాహ్నమే చూశా."

"మరి అడగలేదేమే? నేను వాగేస్తానని భయం వెయ్యలేదూ?"

"చచ్చేంత వేసింది. అందుకే ఫోన్ చేశా. నువ్వు ఠక్కున పెట్టేశావ్ చూడు, అప్పుడు పోయింది." నా బుగ్గ గిల్లింది. "ఎన్ని తిన్నావ్?"

"పదకొండు."

నవ్వి నవ్వి మంచం మీద పడిపోయింది. నేనూ పడ్డాను. కాసేపటికి నాకో సందేహం వచ్చింది. చివర చూశాను, మొదలు తెలీదు.

"అది సరేగానీ, ఆవిడ అసలు ముసుగెందుకు వేసుకుందే?"

పిల్ల లేచి కూర్చుంది. దిండు పక్కనున్న పొట్లంలోంచి ఒక పిప్పరమెంటు తీసి, నా కళ్ళలోకి చూస్తూ, నెమ్మదిగా తన బుగ్గన పెట్టుకుంది.