నడిమి కాళ్లు

నేను ఒక చేపల తొట్టిని మోసిన చెక్క స్టాండును. మంగళగిరిలో పానకాలరావు అనే కరెంటాఫీసు ఉద్యోగి సెలవు రోజుల్లో డాబా మీద కూర్చుని నన్ను టేకుతో చేశాడు. వడ్రంగం ఆయన వృత్తి కాదు, పిచ్చి. చిత్రిక పడుతూ కూర్చుంటే అన్నం చల్లారిపోతోందని భార్య శేషారత్నం కింది నుంచి కేకలేసేది. నాలుగు కాళ్లు చాలవా అని ఆమె అడిగితే, "నీళ్లంటే తేలికనుకున్నావా? బిందెలెత్తేదానివి, నీకు తెలీదా?" అని నవ్వి, నడిమిన మరో రెండు కాళ్లు బిగించాడు.

కొన్నేళ్లు హాయిగా మోశాను. ఇంటికొచ్చిన చుట్టాలు ఎర్ర చేపలను మెచ్చుకునేవారు. మోసేవాడి మొహం ఎవరు చూస్తారు? పానకాలరావు మాత్రం మేత వేసి వెళ్తూ నన్నోసారి చేత్తో నిమిరేవాడు.

ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది. మాటల్లో ఒక్కటే మిగిలింది, "కాదు" అని. కాఫీ కావాలా అంటే కాదనేవాడు, ఇస్తే ఇష్టంగా తాగేవాడు. పోను పోను ఆ మాటను ఇంట్లో ఎవరూ పట్టించుకోవడం మానేశారు.

శేషారత్నం అన్న వాసుదేవయ్యకు వాస్తు పట్టింపు జాస్తి. ఆగ్నేయంలో నీళ్లు పెట్టబట్టే బావకీ గతి పట్టిందని, తొట్టిని ఈశాన్యానికి మార్చాలని తేల్చాడు. ఈశాన్యంలో నీళ్లుండాలట, బరువు మాత్రం ఉండకూడదట. నీళ్ల బరువు ఆయన లెక్కలోకి రాలేదు, నాదే వచ్చింది. నా నడిమి కాళ్లు రెండూ ఊడదీయించాడు. మంచంలోంచి పానకాలరావు "కాదు, కాదు" అని అరిచాడు. "మీరు ఆయాసపడకండి బావగారూ, అంతా మీ మంచికే" అన్నాడు వాసుదేవయ్య. ఆ కాళ్లను ముక్కలు కోయించి, తలవైపు ఎత్తుగా ఉంటుందని పానకాలరావు మంచం కోళ్ల కిందే పెట్టించాడు.

తొట్టి నింపగానే నా నడుం వంగడం మొదలైంది. నాకు నోరా వాయా? కిర్రుమన్నాను. విన్నది ఎదురుగా మంచంలో ఉన్న ఆయనొక్కడే. శేషారత్నం రోజూ నా పక్కనే కింద కూర్చుని కూరలు తరిగేది. ఆయన భయం చేపల గురించి కాదు. ఎడం చేత్తో మంచం కిందికి చూపించి "కాదు" అనేవాడు. ఆమె బెడ్‌పాన్ పెట్టేది, పక్క దులిపేది, ఎత్తు ఎక్కువైందేమోనని తలగడ తీసేది. ఆమెనూ తప్పు పట్టలేను, పాపం. ఆయనా నేనూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండేవాళ్లం. అంతకంటే ఏం చేయగలం?

ఒక మధ్యాహ్నం ఆమె బెండకాయలు తరుగుతుండగా నా పైచెక్క విరిగింది. తొట్టి ఆమె పక్కనే పడి బద్దలైంది. గాజు పెంకు మోచేతి నుంచి మణికట్టు దాకా చీరేసింది. చేపలు నెత్తురు నీళ్లలో కొట్టుకున్నాయి. పక్కింటివాళ్లు వచ్చేదాకా ఆయన మంచం పట్టె మీద ఎడం చేత్తో బాదుతూనే ఉన్నాడు. ఈశాన్యంలో ఇంకా బరువు మిగిలిపోయిందన్నాడు వాసుదేవయ్య, ఆసుపత్రిలో.

కుట్లు విప్పాక ఒకరోజు ఆమె మంచం కింద తుడవబోయి, ఆ టేకు ముక్కల దగ్గర ఆగిపోయింది. ఒక ముక్కను తడిమింది. గోడకు ఆనించి ఉన్న నా వైపు చూసింది.

"ఇన్నాళ్లూ మీరు చూపించింది వీటినేనాండీ?"

ఆయన కళ్లు చెమర్చాయి. చీరుకుపోయిన ఆమె చేతిని ఎడం చేత్తో దగ్గరకు తీసుకుని, నన్ను నిమిరినట్టే నిమురుతూ, అవునని తలాడిస్తూ అన్నాడు.

"కాదు."