వంచినా పడని బీరు

రోజూ ఉదయం ఎనిమిదింటికల్లా బీరు కార్ఖానాకి లారీ వచ్చేది. బార్ల నుంచి తిరిగొచ్చిన సీసాలను ఆమె పెట్టెల్లోంచి తీసి, ఇనప చట్రంలో ఒక్కొక్కటే తలకిందులుగా గుచ్చేది. కారాల్సింది కారిపోయాక కడగడానికి పంపేది. కారనివాటిని పక్కన పెట్టేది.

కారనివంటే, తాగినవాడు రెండు గుక్కలు వేసి, జన్మలో ఇంకోసారి దీని జోలికి రాకూడదనుకుని వదిలేసినవి. అలాంటి బీరు సీసాలోంచి కదలదు. వంచినా, ఊపినా, నేలకేసి తట్టినా అంతే. ఫోనొచ్చి లేచి వెళ్ళినవాడు వదిలేసిందైతే మామూలుగానే కారుతుంది. కారనిదాన్ని దించాలంటే, అది వద్దని అనుకోని మనిషి ఎవరైనా చేత్తో పట్టుకుని వంచాలి. అలాంటివాళ్ళు ఎక్కడ దొరుకుతారు? అందుకని కార్ఖానా వెనక ఆ సీసాలకో కొట్టుగది ఉండేది.

ఏడాదికి పదో పదిహేనో చేరేవి. ఈ మూడు నెలల్లో మూడు అరలు నిండాయి.

"ఇవాళ పద్నాలుగు," అంది ఆమె.

పక్కన పాత మూతలు ఏరే మనిషిని అందరూ మూతల పిన్ని అంటారు. "మొన్నటి బీరు సున్నం తాగినట్టుందన్నారు. ఇది మందుబిళ్ళ నమిలినట్టుందట," అంది పిన్ని. "మీ అమ్మాయి దోసిలి కాస్త పెద్దదేమో చూడు వదినా."

ఆమె ఇంకో సీసా చట్రంలో గుచ్చింది. బీరు కాగే కాగులో చేదు కోసం హాప్స్ పూలు వేసేది ఆమె కూతురే. బీరు కాచే పెద్దాయన గరిటెతో రుచి చూసి "చాలు" అంటే ఆపాలి, "ఇంకో దోసెడు" అంటే వెయ్యాలి. కింద పనిచేసేవాళ్ళు కాగు దగ్గర రుచి చూడకూడదు. ఇక్కడి పద్ధతి అది. అక్కడ ఒక్క నాలుకే ఉండాలంటారు.

ఆ సోమవారం ఓనరు అందర్నీ పిలిచి, శుక్రవారం రుచిగదిలో కూర్చుందామన్నాడు. తప్పు ఎవరిదో తేలితే వాళ్ళు ఇంటికే అన్నాడు. అంటున్నంతసేపూ ఆమె కూతురి వైపే చూశాడు.

మంగళవారం కొట్లో మూడో అర సర్దుతుంటే రెండు సీసాలు ఖాళీగా కనిపించాయి. అడుగున చుక్క కూడా లేదు. ఎవరో తాగారు. ఆమె నోరు జారి పిన్నితో అనేసింది.

"ఆ చేదు ఎవరికి నచ్చుతుంది వదినా," అంది పిన్ని మూతలు ఏరుతూనే. "కావాలని చేసినవాళ్ళకి తప్ప."

ఆ మాట ముల్లులా దిగబడింది.

బుధవారం మధ్యాహ్నం కూతురు కొట్లోంచి బయటికి రావడం చూసింది. ఆప్రాన్ కింద ఏదో ఉంది.

"ఏంటే అది?"

"ఏం లేదమ్మా."

"చూపించు."

"పనుంది, తర్వాత," అని వెళ్ళిపోయింది. నడుస్తుంటే గాజు గలగలమంది.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఆమె కూతురి మీదికి వంగింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

"ఏంటమ్మా, నా నోరు వాసన చూస్తున్నావా?"

"పెరుగు పులిసిందేమోనని."

"పెరుగు అటుంది."

కూతురు స్నానానికి వెళ్ళగానే ఆమె ఆ పిల్ల సంచీ వెతికింది. ఒక దువ్వెన, జలుబు మాత్రలు, మడతపెట్టిన చేతిరుమాలు. పిల్లకి జలుబు లేదు. మాత్రలెందుకు? ఎన్నిసార్లు ఆలోచించినా తెగలేదు. అన్నీ ఉన్నవున్నట్టు సర్దిపెట్టింది.

గురువారం భోజనాల గంట కొట్టగానే వెళ్ళి కొట్లో అరల వెనక నిలబడింది. తలుపు తెరుచుకుంది. వచ్చింది కూతురు కాదు, పెద్దాయన. ఒక సీసా తీసి వెలుగుకి పట్టుకుని చూశాడు. నోటికి ఎత్తాడు. మామూలు బీరు దిగినట్టే దిగింది. కళ్ళు మూసుకుని నాలుక అంగిలికి ఆనించి ఆగాడు. మళ్ళీ తాగాడు. మొహంలో ఒక్క గీత కదల్లేదు.

కూతురు లోపలికొచ్చింది. "చాలు గురువుగారూ. ఇటివ్వండి."

"నీళ్ళకీ దీనికీ తేడా తెలియట్లేదమ్మా."

"జలుబు తగ్గితే తెలుస్తుంది. మాత్రలు వేసుకున్నారా?"

"నాలుగు నెలల జలుబా?" అన్నాడు ఆయన, నవ్వుతూ. కూతురు ఖాళీ సీసా ఆప్రాన్ కింద పెట్టుకుని ఆయన్ని బయటికి తీసుకెళ్ళింది.

రుచే తెలియని మనిషి దేన్ని వద్దనుకుంటాడు?

ఇంటికెళ్ళాక నేరుగా అడిగింది. "ఆయన వెయ్యమంటేనేగా అన్ని పూలు వేశావు? రేపు ఆ మాట చెప్పెయ్."

కూతురు తల ఎత్తింది. "చెప్పను. పని నేర్పింది ఆయన."

"ఉద్యోగం పోతుందే."

"ఆయనకి అది తప్ప ఇంకేం లేదమ్మా." ఆమె వైపు తిరిగి, "అయితే కొట్లో దాక్కున్నావన్నమాట," అంది.

ఆమె కూర తరగడం మొదలుపెట్టింది.

"నా కోసమా, నన్ను పట్టుకోవడానికా?"

ఆమె లేచి పొయ్యి వెలిగించింది.

శుక్రవారం రుచిగదిలో ఓనరు, పెద్దాయన, కూతురు కూర్చున్నారు. తిరిగొచ్చిన సీసాలు పళ్ళెంలో పెట్టుకుని ఆమె వచ్చింది. అది ఆమె పనే. ఓనరు ఒకటి అందుకుని తన గ్లాసులోకి వంచాడు. చుక్క పడలేదు. రెండోదీ అంతే.

"పూలు ఇంత ఎక్కువ వేసింది ఎవరు?"

"నేనే," అంది కూతురు.

"ఎందుకు వేశావు?"

కూతురు బల్ల వైపు చూస్తూ కూర్చుంది. పెద్దాయన నోరు తెరిచాడు. ఆయన ఏదో అనేలోపే కూతురు, "నా పొరపాటేనండి," అంది.

"అయితే రేపట్నుంచి..." అంటూ ఓనరు కుర్చీ వెనక్కి జరిపాడు.

ఆమె వెళ్ళి ఒక సీసా, ఒక ఖాళీ గ్లాసు పెద్దాయన ముందు పెట్టింది.

"ఆయనకెందుకు?" అన్నాడు ఓనరు.

కూతురు పెద్దాయన వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆయన ఆ పిల్లని చూశాడు, తల్లిని చూశాడు. సీసా అందుకుని మెల్లగా వంచాడు. బీరు బుడబుడమంటూ దిగింది. గ్లాసు నిండి, నురగ అంచు దాటి బల్ల మీదికి పాకింది. ఎవరూ తుడవలేదు.

ఆయన తొందర లేకుండా మొత్తం తాగాడు.

"బాగానే ఉంది నాకు," అన్నాడు. "అదీ సంగతి." లేచి తన కుర్చీ కూతురి వైపు తిప్పాడు. "ఇటొచ్చి కూర్చోమ్మా. ఈ అమ్మాయి నాలుక మంచిది. ఇన్నాళ్ళూ నేనే అడ్డం కూర్చున్నాను."

ఆయన గది దాటి వెళ్ళేదాకా కూతురు కదల్లేదు. ఓనరు ఖాళీ గ్లాసు వైపు చూస్తూ, "సోమవారం కాగు దగ్గర నువ్వే చూడు," అన్నాడు.

గ్లాసులు తీస్తున్న తల్లి పక్కకి కూతురు వచ్చి నిలబడింది.

"ఆయన్ని పట్టించావు."

"అవును."

"ముందు నన్ను అనుమానించావు."

"అవును."

కూతురు బల్ల మీది నురగ తుడిచి, గుడ్డ ఆమె చేతికిచ్చి వెళ్ళిపోయింది.

సోమవారం కూతురు మొదటిసారి గరిటె నోటికి ఎత్తుతుంటే చూడ్డానికి మూతల పిన్నితో సహా అందరూ కాగు దగ్గరికి వెళ్ళారు. ఆమెని కూడా రమ్మన్నారు. ఆమె వెళ్ళలేదు. ఆ పిల్లని చూడాల్సిన దానికన్నా ఎక్కువే చూశాననిపించింది. చట్రం దగ్గరే ఉండిపోయి, సీసాలు ఒక్కొక్కటే గుచ్చింది.