సోపతి పలకలేదు

పొద్దున లేవగానే నీల వంటింట్లో వస్తువులను పేరు పెట్టి పిలుచుకునేది. కథలాపూర్‌లోనే కాదు, చుట్టుపక్కల ఊళ్ళన్నిటా అందరూ అంతే. ఏ ఇంటి వస్తువు ఆ ఇంటివాళ్ళు పెట్టిన పేరుకే పలుకుతుంది. నీల "బొండం" అంటే కడవ పొయ్యి దగ్గరికి జరిగేది. పక్కింటివాళ్ళు ఎంత అరిచినా కదిలేది కాదు. ఎవరైనా ఏదైనా అడిగి తీసుకుపోతే పేరు కూడా చెప్పి పంపేవాళ్ళు.

ఆ మంగళవారం ఆమె గంటెను పిలవబోతుండగా యోహాను వచ్చాడు. కోరుట్ల మనిషి, దుబాయిలో నీల భర్త దేవేందర్‌తో ఒకే గదిలో ఉండేవాడు. చేతిలో మసిబారిన టిఫిన్ డబ్బా.

"దుబాయిల వ్యాన్ కాలిందక్కా. అండ్ల దేవేందరన్న, సిరిసిల్ల శంకర్ ఉన్నరు. ఒకలు పోయిండ్రు, ఒకలు దవాఖానల సోయి లేకుంట పడున్నరు. మొఖాలు గుర్తుపట్టేటట్టు లెవ్వు. పోయినోళ్ళ చేతుల గీ డబ్బా ఉండె. ఇద్దరియి ఒక్క తీరుయే, ఇంటికెళ్ళి తెచ్చుకున్నయే."

దేవేందర్ తన డబ్బాకు పెట్టుకున్న పేరు సోపతి, అంటే నేస్తం.

అత్త సాయవ్వ గోడకు చేరగిలబడింది. "పిలువు బిడ్డా."

డబ్బా కదిలితే పోయింది దేవేందరేనని నీలకు తెలుసు.

"సోపతీ..."

కదల్లేదు.

"భయానికి నీ గొంతే రాలే. మల్ల పిలువు," అంది సాయవ్వ.

రెండోసారి పిలిచింది. మూడోసారి అరిచింది. డబ్బా ఉన్నచోటే ఉంది.

"ఇగ సిరిసిల్ల పోవాలె," అన్నాడు యోహాను.

"నేను గూడొస్త," అంది నీల. కాలిపోయి డబ్బాకు చెవుడొచ్చిందేమోనన్న అనుమానం ఆమెను కూర్చోనివ్వలేదు.

వేములవాడలో ఇద్దరూ బస్సు మారారు. రెండో బస్సులో నీల కళ్ళు మూసుకుని, అక్కడ పలకాలి దేవుడా అని మొక్కింది. తాను దేనికి మొక్కుతున్నదో తెలిసి చప్పున కళ్ళు తెరిచింది.

శంకర్ తల్లి రాజవ్వ, మరమగ్గాల చప్పుడు వినిపించే గల్లీలో వాకిలి ఊడుస్తోంది. యోహాను నోరు తెరవకముందే ఆమె చూపు డబ్బా మీద పడింది.

"ఓ బుడ్డోడా, గింత మాడినవేందిరా?"

మూత గలగలలాడింది. డబ్బా యోహాను చేతిలోంచి జారి, దొర్లుకుంటూ వెళ్ళి ఆమె పాదాలకు ఆనుకుంది.

దేవేందర్ బతికే ఉన్నాడు. నీల ఏడుపు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.

రాజవ్వ డబ్బాను ఎత్తుకుని మసి తుడిచింది. వాళ్ళిద్దరి వెనక, గల్లీ చివరిదాకా చూసింది.

"మా శంకర్ ఎనుక అస్తున్నడా బిడ్డా?"

నీల వెళ్ళి ఆమె చేతిలోని చీపురు తీసి పక్కన పెట్టి, ఆమెను అరుగు మీద కూర్చోబెట్టింది. ఆ రెండు చేతులూ వదలకుండా, "అవ్వా," అని మొదలుపెట్టింది.